తోడు

ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించింది మెతోదే.
ముప్ఫై ఎనిమిది దాటితే గంటలోపు ఆసుపత్రి.
ఆసుపత్రి వీధిలో ఉండేవాళ్ళు రాసిన కాగితం.
మేం రొదోపి కొండలు దిగాలి,
చెపెలారె మలుపుల్లో మంచు పడితే రెండు గంటలు.

రెండో కీమో అయి పదో రోజు.
అర్ధరాత్రి మంచం కిటకిటలాడుతుంటే
భూకంపం అనుకున్నాను.
ఊగుతున్నది నేను.
పళ్ళ మధ్య థర్మామీటరు నిలవదు,
చంకలో పెట్టి నా చేతిని అదిమి పట్టుకున్నాడు మెతోది,
పెనుగులాడే దూడని పట్టుకున్నట్టు.
ముప్ఫై తొమ్మిదీ నాలుగు.
ఆయన బూట్లు కుడి ఎడమలు మార్చి తొడుక్కున్నాడు.
నేనేమో సిగ్గులేకుండా
పొయ్యి పక్కన కంబళి కప్పిన కుండ గురించి చెప్పాను:
"పొద్దున్నే తియ్యాలి, లేకపోతే పులిసిపోతుంది."

ప్లోవ్‌దివ్‌లో నర్సు గింకా
ఛాతీ మీది పోర్టు నుంచి రెండు సీసాలు,
మోచేతి నుంచి రెండు సీసాలు నింపింది.
నెత్తురు పడకముందే వాటి అడుగున తేనెరంగు నీళ్ళు.
"ఏమిటది?"
"తిండి. మీ రక్తంలో ఎవరైనా ఉంటే తిని పెరుగుతారు.
ఒంటివేడిలో పెట్టి చూస్తాం."
నలభై ఏళ్ళుగా నేను చేస్తున్న పనే,
పాలకి తోడు వేయడం.
ఈసారి తోడు నాకు పడింది.

పదకొండు గంటలకే పెరిగిందన్నాడు డాక్టర్ త్సాంకోవ్.
నా పాలు నాలుగింటిలోనే పేరుకుంటాయన్నాను.
అతను నవ్వలేదు.
దాని పేరు చెప్పాడు. దాని ఇల్లు నా పేగులేనట.
అరవై రెండేళ్ళుగా నా తిండే తింటూ
గోడకి అటువైపు ఒదిగి బతికిందట.
మందు గడ్డని కాల్చింది, పనిలో పనిగా గోడని గీకింది,
కాపలా ఉన్న తెల్లకణాలని ఊడ్చేసింది.
తలుపు తీసి ఉంటే వచ్చింది. దాన్నేమని తిట్టను?
మందునీ తిట్టలేను.
మెడ కింద గడ్డ సగానికి తగ్గింది.

ఎనిమిది గంటలకోసారి చుక్కలు చుక్కలుగా యాంటీబయాటిక్.
పాడివాళ్ళకి తెలిసిన సంగతి ఒకటుంది:
ఆ సూది పడ్డ ఆవు పాలు పారబోయాల్సిందే.
ఎంత తోడు వేసినా, ఎన్ని కంబళ్ళు కప్పినా
తెల్లారేసరికి పాలు పాలలాగే ఉంటాయి.
నా జీవితంలో అలాంటి పాలు కావాలని
దేవుణ్ణి అడిగింది ఆ నాలుగు రాత్రులే.

పక్క మంచం మీద మిగ్లెనా, పంతొమ్మిదేళ్ళు.
ముప్ఫై ఎనిమిదీ రెండు చూసి కూడా
అమ్మ నైట్ డ్యూటీ చేసి పడుకుందని
లేపకుండా మధ్యాహ్నం దాకా ఆగిందట.
గోళ్ళకి ఆకుపచ్చ రంగు, ఒక చేతికే.
మూడోనాడు ఆమెని పైఅంతస్తుకి తీసుకెళ్ళారు.
చార్జరు ఇక్కడే ఉండిపోయింది.
గింకాని అడిగాను. ఆమె నా దుప్పటి సరిచేసింది.

ఇంటికొచ్చేసరికి
కుండలో గులాబీ రంగు బూజు.
మా అత్త అత్తగారి నాటి తోడు.
మెతోది గుమ్మంలో నేరం చేసినవాడిలా నిలబడ్డాడు,
తొమ్మిది రోజులూ కారులోనే పడుకున్న మనిషి.

హతీజె మొన్న వేసవిలో
ఆ తోడే ఒక గరిటె పట్టుకెళ్ళింది.
మాస్కు కట్టుకుని వచ్చి, గిన్నె మెట్టు మీద పెట్టి,
వెనక్కి నాలుగడుగులు వేసి,
"నువ్వు తినకూడదు, తెలుసుగా" అని అరిచింది.
తెలుసు. కణాలు పెరిగేదాకా వాసనే నాది.

పాలు కాగి దిగాయి.
గోరువెచ్చన చూడ్డానికి చిటికెన వేలు ముంచాను.
ఏమీ తెలియలేదు. మందుకి వేళ్ళ కొసలు మొద్దుబారాయి.
మెతోదిని పిలిచాను.
ఆయన వేలు ముంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టాడు.
"కాలుతోందా?"
"కొంచెం."
"అయితే ఆగు."